నారింజ వల

నలభై ఒకటో బోరు. పొద్దున ఏడున్నర.
రన్‌వే పగుళ్లలో ఇంకా మంచు.
మిర్కో డ్రిల్లు ఆపి చెయ్యెత్తాడు,
గొట్టంలోని మట్టిని కాగితం మీదికి తోశాను.
మొదట నల్లమన్ను, తర్వాత పసుపు ఇసుక,
రెండు మీటర్ల పది దగ్గర బూడిదరంగు.
ముక్కు దగ్గర పెట్టుకోకూడదు, నిబంధన.
పెట్టుకున్నాను.
కిరసనాయిలు.
ముప్ఫై ఏళ్ల కిందట వెళ్లిపోయిన విమానాలు
ఇంకా ఇక్కడే ఇంధనం పట్టించుకుంటున్నట్టు.

గాజు సీసా, గోధుమరంగు మూత, లేబులు, ఐసు పెట్టె.
పెట్టె మీద నా కాఫీ.

క్రేనౌలో ఎవర్నడిగినా చెబుతారు
సోవియట్ వాళ్లు ఏది ఎక్కడ పారబోశారో.
ఒక్కొక్కరి వేలు ఒక్కో దిక్కు చూపిస్తుంది.
గుండులా రెష్కె మాత్రం వేలు చూపలేదు,
పెరట్లోకి తీసుకెళ్లి బావి మూత ఎత్తింది.
"చేద తోడి, నీళ్ల మీద అగ్గిపుల్ల గీసేవాడు మా నాన్న.
నీలంగా మండేది. వీధి పిల్లలంతా చూడ్డానికొచ్చేవాళ్లు.
తర్వాత ఆ నీళ్లతోనే అమ్మ బట్టలుతికేది."
ఎవరికీ చెప్పలేదా, అన్నాను.
"ఎవరికి చెప్పాలి? కంచెకా?"

కంచెకి ఒక కంత ఉండేదట.
ఇటునుంచి ఆపిల్ పళ్లు వెళ్లేవి,
అటునుంచి డబ్బాలో పెట్రోలు, ఓసారి బెల్టు బకిలు,
ఓసారి ఊరికే ఒక గుండు తల, దాని నవ్వు.

నిన్న బ్యారక్ కూల్చారు.
మెట్ల కింద, వంగితే తప్ప కనపడని చోట
మేకుతో గీసిన అక్షరాలు:
తలాంత్. ఓష్. ఇంకా రెండు వందల పదకొండు రోజులు.
ఆ ఇటుక పక్కన పెట్టమందామనుకున్నాను.
ఆస్బెస్టాస్ గోడ, ముట్టుకోకూడదన్నారు.
లారీ తడి టార్పాలిన్ కప్పుకుని వెళ్లిపోయింది,
ఆ రోజులు గడిచాయో లేదో చెప్పకుండా.

అమ్మకాల ఆఫీసులో గాజు కింద అరచేతి ఊరు,
స్పాంజి చెట్లు, వీధులకి పక్షుల పేర్లు.
ఒప్పందం పదిహేడో పేజీలో:
మీటరు దాటి తవ్వరాదు.
బావి వేయరాదు.
క్యారెట్లు చెక్కపెట్టెల్లోనే.
ఆపిల్ చెట్టుకి ముందుగా అనుమతి.
కొనేవాళ్లు ఆ పేజీ దగ్గర తలెత్తుతారు,
కిటికీలోంచి ఇంత ఆకాశం చూస్తారు,
సంతకం పెడతారు.
తప్పు పట్టను. అద్దె నాకూ పెరిగింది.

పాతవి తవ్వకు, అనేది మా అత్త
భోజనాల దగ్గర ఎవరైనా తాత యుద్ధం ఊసెత్తితే.
ఇప్పుడా మాటకి ప్రభుత్వ ముద్ర పడింది.

మరీ చెడ్డ మట్టిని ఎత్తి పంపేస్తాం,
ఇంకో ఊరి పక్కకి.
మిగిలినదాని మీద నారింజరంగు ప్లాస్టిక్ వల పరుస్తాం,
వల మీద మీటరు మంచి మన్ను.
ఆ వల నీళ్లని ఆపదు, వేళ్లని ఆపదు.
పారకి తగిలినప్పుడు కంటికి కనపడాలి, అంతే దాని పని.
ఎవరో ఒకరు తవ్వుతారని
మేం ముందే ఒప్పుకున్న రంగు.

నేల అన్నీ కడుపులో పెట్టుకుంటుందంటారు.
పెట్టుకోదు. మెల్లగా తూర్పుకి నెడుతుంది,
ఏడాదికి పదకొండు మీటర్లు, రెష్కె బావి వైపు.
లెక్క కట్టింది నేనే.

జూన్‌లో మొదటి ఇల్లు నిండింది. కొంగ వీధి, నాలుగు.
చివరి సీసాలకని వెళ్తే
ఆ ఇంటి పిల్ల వీబ్కె గుంట తవ్వుతోంది,
పక్కన బూట్ల పెట్టెలో చచ్చిపోయిన గినీపిగ్.
నక్క తీయకుండా లోతుగా పెట్టాలట.
"ఇది ఎవరి వల?" అంది,
నారింజ పోగు ఒకటి వేలికి చుట్టుకుని.

మోకాళ్ల మీద కూర్చుని టేపు దింపాను.
మీటరు లేదు. యాభై ఎనిమిది.
మళ్లీ దింపాను. యాభై ఎనిమిది.

గుంట పూడ్చాం ఇద్దరం.
గినీపిగ్‌ని క్యారెట్ల పెట్టెలో పెట్టాం, కొస వరసలో.
చేతులు కడుక్కో, అన్నాను, సబ్బుతో, రెండుసార్లు.
కంచె ఎక్కడుండేదో ఇప్పుడెవరూ చెప్పలేరు.
లేబులు వెనక ఆ అంకె రాసుకుని
ఫోను తీశాను.